చిగుళ్ళ రేవులో బండి ఆగదు

తెల్లటి చుక్క ఒకటి మిద్దె చెక్కల సందులోంచి టప్పున వచ్చి నల్ల కోటు భుజం మీద పడింది. దర్జీ అమ్మాయి సూది ఆపి తలెత్తింది. రెండో చుక్క ఆమె ముక్కు మీద పడింది.

వానాకాలమే. కానీ తెల్ల వాన ఎక్కడా కురవదు కదా.

పై గదిలో రెండు నెలలుగా ఒకతను అద్దెకుంటున్నాడని తెలుసు. మెట్ల మీద బూట్ల చప్పుడు తప్ప మనిషి ఎప్పుడూ కంటపడలేదు.

"అమ్మమ్మా, పైనతను ఏం చేస్తున్నాడు?"

మూలన కూర్చుని గుండీలు ఏరుతున్న అమ్మమ్మ నోరంతా తెరిచి చూపించింది. "ఇదిగో, ఈ పళ్ళ సెట్టు చేసింది అతనే. బుద్ధిమంతుడు."

"ఆ బుద్ధి సంగతి ఇప్పుడే తేలుస్తాను," అని కోటు చేతిన వేసుకుని మెట్లెక్కింది.

తలుపు తీసే ఉంది. గది నిండా ఒకటే బల్ల. దాని మీద కొండలు, ఏరు, వంతెన, వేలెడేసి స్టేషన్లు, వాటి మధ్య మెలికలు తిరిగే పట్టాలు. ఒకతను మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళు చెక్కే సన్నటి పనిముట్టుతో కొండకి బండరాళ్ళు చెక్కుతున్నాడు. పక్కనే ప్లాస్టర్ బకెట్ ఒరిగిపోయి ఉంది. ఆ సంగతి అతనికి తెలియదు.

"ఏమండీ, మీ కొండ మా కోటు మీద కురుస్తోంది."

ఉలిక్కిపడి లేచాడు. బకెట్ చూశాడు, కోటు చూశాడు, ఆమె ముక్కు చూశాడు. పెదవి కొరుక్కుని నవ్వాపుకున్నాడు.

"ముక్కు మీద కూడా..."

"ముక్కు సంగతి నేను చూసుకుంటాను. కోటు సంగతి మీరు చూడండి."

"తడి మీద తుడవకండి. ఆరాక బ్రష్‌తో దులిపితే పొడిలా రాలిపోతుంది. నా బట్టలన్నీ అలా బతికి బయటపడ్డవే."

ఆరేదాకా నిలబడాలిగా. ఊరికే నిలబడటం ఆమెకి చేతకాదు.

"ఏ ఊరి లైను ఇది?"

"ఏ ఊరిదీ కాదు. నేనే ఊహించి వేశాను. ఇది దవడ జంక్షన్. అది కోరల కొండ. ఆ చివర, ఏటి ఒడ్డున గట్టు మీద ఉన్నది చిగుళ్ళ రేవు."

"మీకు పళ్ళు తప్ప వేరే ధ్యాస లేదా?"

"ఉందండీ. రైళ్ళు."

గోడకి టైమ్‌టేబుల్ అంటించి ఉంది. ప్రతి స్టేషన్‌కీ వచ్చు వేళ, పోవు వేళ. చిగుళ్ళ రేవు ఎదుట మాత్రం రెండు గడుల్లోనూ అడ్డగీత.

"ఇక్కడ బండి ఆగదా?"

"ఆగదు."

"ఏం, పాపం?"

"రైల్వే వారికి అర్జీ పెట్టుకోండి. రాతమూలకంగానే జవాబిస్తారు," అన్నాడు, ముఖంలో నవ్వన్నది లేకుండా.

ఆ ముఖం చూసి పైన నవ్వలేదు గానీ, మెట్లు దిగుతూ కడుపుబ్బ నవ్వింది.

మర్నాడు, ఆ బల్ల మీద పొలాలు పరచడానికి పనికొస్తాయని ఆకుపచ్చ గుడ్డ పీలికలు మూటగట్టి పైకి పంపింది. మూటకి గుండుసూదితో ఒక కాగితం.

"అయ్యా! చిగుళ్ళ రేవు ప్రజలం రాసుకున్న అర్జీ. మీ బండి మా ముందు నుంచి కూత వేసుకుంటూ పోవడమే గానీ ఒక్కనాడూ ఆగలేదు. మేమేం పాపం చేశాం?"

సాయంత్రం కిటికీ ముందుకి దారం ఒకటి వేలాడుతూ దిగింది. చివర చీటీ.

"సదరు స్టేషన్‌లో ప్రయాణికులు లేరు. అర్జీ తిరస్కరించడమైనది."

"లేరా? ఉంటారు," అంది ఆమె. పూసతల గుండుసూదికి ఎర్రదారం చుట్టి, నల్లదారంతో జడ వేసింది. ఆదివారం పొలాలు చూడమని అతను పిలిచినప్పుడు, అతను అటు తిరగగానే చిగుళ్ళ రేవు ప్లాట్‌ఫారం మీద గుచ్చి వచ్చింది. రెండో అర్జీ వెళ్ళింది. "ప్రయాణికురాలు ఒకామె నిలబడే ఉంది. కాళ్ళు పీకుతున్నాయట."

దారం దిగింది. "విచారించాం. ప్రయాణికురాలు అందంగా ఉన్నారు. అయితే ఆ స్టేషన్ ఎత్తు మీద ఉంది. అక్కడ ఆగితే చక్రాలు జారి బండి మళ్ళీ కదలదు. తిరస్కరించడమైనది."

మధ్యలో ఉన్న మాట నాలుగుసార్లు చదివింది. చివరి మాట చదవనట్టే ఊరుకుంది.

"ఏమిటే ఆ కుట్టడం? చొక్కాకి రెండూ ఎడమ చేతులేనా?" అంది అమ్మమ్మ.

ఏడో అర్జీ కూడా తిరస్కరించారు. ఎనిమిదోది రాస్తుండగా అతనే కిందికి దిగి వచ్చాడు.

"మా పళ్ళ ల్యాబ్ ఊరి అవతలి కొసకి మారుస్తున్నారు. బస్సులో గంటన్నర. అక్కడే గది చూసుకోమంటున్నారు. నెలాఖరుకి..."

రాస్తున్న కాగితాన్ని ఆమె కుట్టుమిషను కిందికి తోసేసింది. "మీకేమండీ, సొంత బండి ఉంది. ఎక్కి పొండి."

"అదే చిక్కు. బండి గుమ్మం దాటదు."

నమ్మలేక టేపు పట్టుకుని పైకి వెళ్ళి కొలిచింది. బల్ల వెడల్పు అయిదడుగులు, గుమ్మం రెండున్నర. బియ్యపు గింజంత కిటికీలు కొలిచి చెక్కిన మనిషి, తలుపు మాత్రం కొలవలేదు.

"మెడ కత్తిరించకుండా చొక్కా కుట్టారు! ఇప్పుడు తల ఎలా దూరుస్తారు?"

"ముక్కలు చేసి పారేయడమే," అన్నాడు. ఈసారి ఆ గాంభీర్యం ఆటకి కాదు.

ఆమె జేబులోంచి సుద్ద తీసి ఏటి ఒడ్డు వెంబడే గీత గీసింది. కొండ కింద మడతలో ఇంకొకటి.

"ఇలా కోస్తే అతుకు కనపడదు. పైన గుడ్డ పొలం పరిచేస్తే సరి."

"కోసి ఎక్కడికి?"

"కింద మా వెనక గదికి."

"నేను అటు పోతున్నాను కదా."

"మిమ్మల్ని ఎవరు రమ్మన్నారు? బండిని రమ్మన్నాను."

అనేసి చప్పున కిటికీ వైపు తిరిగింది. బయట వాన. ఈసారి మామూలు వానే. అయినా ఆమె చాలాసేపు అటే చూసింది.

మూడు ముక్కలు కిందికి దిగాయి. అతకడం అయ్యేదాకా ఎవరూ రావద్దని అతను తలుపేసుకున్నాడు. మూడో రోజు సాయంత్రం పిలిచాడు.

అతుకులు ఎక్కడా కనపడలేదు. గోడకి కొత్త టైమ్‌టేబుల్. ఆమె కళ్ళు తిన్నగా చివరి వరసకి పోయాయి. చిగుళ్ళ రేవు. వచ్చు వేళ: ఆరూ పది. పోవు వేళ: ఖాళీ.

"అర్జీ మంజూరైనట్టుందే! పోవు వేళ రాయడం మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. అక్కడ ఆగితే మళ్ళీ కదలదని ముందే రాశాను."

"కోసినప్పుడు ఆ ఎత్తు కాస్త తగ్గించొచ్చుగా?"

"తగ్గించొచ్చు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "బుద్ధి పుట్టలేదు."

"ఆరూ పది ఏం లెక్క?"

"రేపటి నుంచి సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చే నా బస్సు మన వీధిలో ఆగే వేళ. పై గది ఖాళీ చెయ్యడం లేదు."

ఆమె వంగి ప్లాట్‌ఫారం చూసింది. ఎర్రదారం గుండుసూది పక్కన నీలం దారం గుండుసూది ఒకటి. చుట్టడం రాక దారం సగం ఊడి వేలాడుతోంది.

"ఈ దారం ఎవరు చుట్టారు, ఇంత అధ్వానంగా?"

"నేనే."

"విప్పి మళ్ళీ చుట్టాలి."

"చుట్టండి. ఎంతసేపైనా నిలబడతాను."

గుమ్మంలో దగ్గు వినిపించింది. అమ్మమ్మ ఎప్పటి నుంచి నిలబడి ఉందో!

"అమ్మమ్మగారూ, మీరు కాదంటే..." అతను తడబడ్డాడు.

"ఎలా కాదంటాను నాయనా? కాదనాలన్నా నువ్వు చేసిన పళ్ళతోనే అనాలి. ముందు ఆ బండి నడిపించు, చూద్దాం."

స్విచ్ వేశాడు. బండి దవడ జంక్షన్ దాటి, కోరల కొండలో దూరి బయటికొచ్చి, రొప్పుతూ ఎత్తెక్కి, అతను స్విచ్ ఆపగానే రెండు గుండుసూదుల ముందు ఆగింది. అమ్మమ్మ ఉండబట్టలేక తానే మళ్ళీ స్విచ్ నొక్కింది. చక్రాలు గిర్రున తిరిగాయి. బండి అంగుళం కదల్లేదు.

"అయ్యో, పాడైపోయిందేమిటే?"

"లేదులే అమ్మమ్మా," అంది ఆమె, నీలం దారం కొస వెతుకుతూ. "దిగాల్సిన వాళ్ళు దిగారు."