తిరుగుదారిలో మైలేజీ

"డిక్కీ తెరవండి."

"ఎందుకు మేడమ్? దొంగసొత్తేమీ లేదు."

"తెరవండంటున్నా!"

సుడిగాలి తెరిచాడు. ఆ లిఫ్టు మెకానిక్కుకి ఆ పేరు పెట్టింది తోటి మెకానిక్కులే, అతను కారు నడిపే తీరు చూసి. డిక్కీలో కాలిపోయిన మోటార్లు రెండు, తుప్పుపట్టిన ఇనప తాడు చుట్ట ఒకటి, విరిగిన కుర్చీ ఒకటి.

"ఇది కారా, పాత సామాన్ల కొట్టా? ఇంత బరువు మోస్తే పెట్రోలు తాగదూ మరి?"

"కుర్చీ మీకోసమే తెచ్చా మేడమ్. రోజంతా నిలబడి అందర్నీ తిడుతుంటారు, కాళ్లు నొప్పెట్టవూ?"

"విరిగిన కుర్చీనా?"

"తెచ్చినప్పుడు బాగానే ఉంది. మీ గొంతు విని విరిగింది."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆమె నవ్వు దిగమింగి, మోటార్లు తనే ఎత్తి కింద పడేసింది.

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీకి పన్నెండు కార్లు. పెట్రోలు తక్కువ తాగేలా నడపడం నేర్పడానికి ఆమెను మూడు నెలలకు పెట్టుకున్నారు. అందరూ మైలేజీ మేడమ్ అంటారు. కార్లన్నిటి మీద సగటున లీటరుకు పదహారు కిలోమీటర్లు వస్తే ఉద్యోగం ఖాయం, రాకపోతే ఇంటికి. ఆ ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే. షరతు పెట్టిన ఓనరు గదిలో మాత్రం మనిషి లేకపోయినా ఏసీ నడుస్తూనే ఉంటుంది. పొదుపంటే పనివాళ్లు చెయ్యాల్సిందే కదా!

పదకొండు కార్లు దారికొచ్చాయి. సుడిగాలి కారు ఒక్కటే లీటరుకు పది దాటదు. సగటుని అదొక్కటే కిందికి లాగుతోంది. గడువు పది రోజులే ఉంది. మూడు రోజులు అతని పక్కనే కూర్చుంది.

"అంత దూరాన ఎర్రలైటు కనబడుతుంటే ఇంకా తొక్కుతారేం? కాలు తీసేయండి, బండి దానంతటదే నెమ్మదిస్తుంది."

"తీశా."

"గేరు మార్చండి. ఇంజన్ అరిచేదాకా ఆగక్కర్లేదు."

"మార్చా. అరిచేది ఇంజనొక్కటే కాదులెండి."

"రోడ్డు చూడండి!"

వాన పట్టుకుంది. అతను ఎంత మెత్తగా నడిపాడంటే ఆమెకు కునుకు పట్టింది. లెక్క చూస్తే పంతొమ్మిది! ఆమె కాళ్లు నేలమీద నిలవలేదు.

నాలుగో రోజు ఒంటరిగా పంపింది. మళ్లీ పది. మర్నాడూ పదే.

ఓనరు పిలిచాడు. "నువ్వు ఎక్కితే పంతొమ్మిది, దిగితే పది. ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నావమ్మా? రేపటికల్లా కారణం చెప్పు. లేదా నీ లెక్కలన్నీ దొంగవే అనుకుంటా."

ఆమెకు ఒళ్లు మండింది. కారులోని మీటరు ప్రతి ట్రిప్పు టైమూ, పెట్రోలూ విడిగా చూపిస్తుంది. ఆ లెక్కల కాగితాలు తీసి ముందేసుకుంది. చూసి, కాగితాలతో సహా విసవిసా షెడ్డులోకి నడిచింది. అతను కారు తుడుస్తున్నాడు.

"నామీద మీకేం పగ?"

"పగా?"

"పనికి వెళ్లేటప్పుడు పద్ధతిగా వెళ్తారు. ఆఫీసుకి తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎవరో తరుముతున్నట్టు వస్తారు. ఐదున్నర దాటాక వస్తే మళ్లీ బుద్ధిమంతులు. ఏముంది ఐదున్నరకి?"

అతను తడిగుడ్డ పిండి, మళ్లీ కారు తుడవసాగాడు.

"ఐదున్నరకి మీ బస్సు మేడమ్."

ఆమెకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి.

"మరి నేను పక్కనుంటే..."

"ఇంక తొందరెందుకు? ఎంత లేటైతే అంత మంచిది."

"అంటే పంతొమ్మిది నా పాఠం వల్ల కాదా?"

"పాఠం వల్లే. తిరుగుదారిలో గుర్తుండదు, అంతే."

"నా ఉద్యోగం పోతోంది, తెలుసా మీకు!"

అతను గుడ్డ అక్కడే పడేసి తిన్నగా ఓనరు గదిలోకి దూసుకుపోయాడు. ఆమె వెనకే పరిగెత్తింది.

"సార్, ఆవిడ లెక్కలు నిజం. బస్సెక్కేలోపు ఒక్కసారి కనబడతారని నేనే కారు వేగంగా తోలుకొచ్చా. తీసేస్తే నన్ను తీసేయండి."

ఓనరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఈ జబ్బుకి మందుందా అమ్మా?"

"ఉంది సార్. మిగిలిన ఐదు రోజులూ నాకివ్వండి," అంది, తల దించుకునే. "రోజూ సాయంత్రం ఇతని కార్లోనే నన్ను ఇంటి దగ్గర దింపనివ్వండి."

"దింపనీ. పదహారు రావాలి, అంతే!"

మర్నాడు పొద్దున అతను బయల్దేరుతుంటే ఆమె కిటికీలోకి వంగింది.

"టైర్లలో గాలి చూశావా?"

"చూశాను మే..." 'మీరు' కాస్తా 'నువ్వు' అయిందని అప్పుడు తట్టింది అతనికి.

"మెల్లగా రా. నేనెక్కడికీ పోను."

ఐదు రోజులూ మెల్లగానే వచ్చాడు. గడువు ముగిసేసరికి సగటు పదహారు దాటింది. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

ఆ సాయంత్రం ఆమె వీధి మలుపులో సుడిగాలి బ్రేకు మీద కాలు పెట్టాడు.

"ఇల్లొచ్చింది మేడమ్."

ఆమె దిగలేదు. "ఇంకో చుట్టు తిప్పు."

"పెట్రోలు?"

"పోతే పోనీ."