సూరమ్మగారి నాన్న దీపం

దీపాల లంక పేరెత్తితే చాలు, కొల్లేట్లో పడవవాళ్ళు మొహం మాడ్చుకుంటారు. దొరల కాలంలో అక్కడ లైట్‌హౌసు కట్టారట. 1954లో ఓ రాత్రి పెళ్ళి పడవొకటి ఆ దగ్గర్లోనే తిరగబడి పదకొండుమంది పోయారు. దీపం ఆర్పేసి నిద్రపోయాడని లైట్‌హౌసు కాపలాదారు విశ్వాసం అనే ఆయన మీద పడ్డారు జనం. చర్చిలో కూడా ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. ఏడాది తిరక్కుండానే బెంగతో పోయాడు. పోయాకైనా వదిలారా? దెయ్యమై దీపం చూపించి పడవల్ని ముంచుతున్నాడని పుకారు! ఏం నోళ్ళండీ అవి!

ఆయన కూతురే సూరమ్మగారు. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుందావిడకి. ఒక్కసారి ఆ లైట్‌హౌసు మెట్లెక్కి చూడాలని పట్టుబడితే, 2004లో కొడుకు నెల్సన్, కోడలు రూబీ, మనవరాలు బ్లెస్సీ కలిసి తీసుకెళ్ళారు.

పైన ఏముంది? పావురాల రెట్ట, ఖాళీ దిమ్మె. దీపం ఏనాడో ఎత్తుకుపోయారు. ఆవిడ ఆ దిమ్మెని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. లేవమంటే లేవదు. తిరిగి పడవెక్కేసరికి చీకటి పడిపోయింది.

కాస్త దూరం వచ్చారో లేదో... ఎదర, నీళ్ళ మీద — వెలుగు.

పడవ నడిపే సుబ్బారావు గెడ వెయ్యడం ఆపేశాడు. "విశ్వాసమండీ... ముంచేస్తాడండీ..." అన్నాడు గుసగుసగా.

"నోర్ముయ్! మా నాన్న దెయ్యమా? పోనియ్యి, దాని దగ్గరికే పోనియ్యి!" అంది సూరమ్మగారు.

"అమ్మా, పిల్ల ఉందే..." అన్నాడు నెల్సన్.

"ఉండనీ. దానికీ తెలియాలి."

పడవ కదిలింది... దగ్గరైంది... కర్రుమని దేనికో రాసుకుని ఒక పక్కకి ఒరిగింది. బ్లెస్సీ కెవ్వుమంది. చూస్తే — రొయ్యల కోసం పాతిన వెదురు తడికలు! ఓ గెడకి లాంతరు వేలాడుతోంది. దాని కింద దోనెలో ఓ ముసలాయన.

"చూసుకోవాలి కదండీ. రొయ్యలు వెలుగుకి వస్తాయి. చీకటి రోజుల్లో మా తాతలనాటి నుంచీ ఇక్కడే లాంతరు కడతాం" అన్నాడు.

సూరమ్మగారు పడవ అంచు దాకా జరిగింది. "పెళ్ళి పడవ పోయిన రాత్రీ... కట్టారా?"

"మా అయ్య కట్టాడమ్మా. నేనూ ఉన్నాను. లంక మీద దీపం బ్రహ్మాండంగా వెలుగుతోంది. వాళ్ళు దగ్గరున్న మా లాంతరే లంక దీపమనుకుని ఇటొచ్చి, తడికలకి కొట్టుకుని..."

"యాభై ఏళ్ళు! నోరు పెగల్లేదట్రా నీకు?"

"చెబితే నరికేసేవాళ్ళమ్మా..."

"మా నాన్నని నరకలేదనుకున్నావా?" ఆవిడ కోపంతో ఊగిపోయింది. "ఆర్పు! ముందా లాంతరు ఆర్పు!"

ఆర్పాడు.

చిమ్మచీకటి కమ్మాలి కదండీ... కమ్మలేదు. ముసలాయన మొహం స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. ఆవిడ భుజం మీదుగా లంకవైపు చూస్తూ చేతులు జోడించాడు.

"అదిగోనమ్మా... ఆ రాత్రీ ఇలాగే వెలిగింది."