అగ్నికూర్మం అడిగిన కొలత

కుంభగిరి రాజ్యంలో ఆ ఏడు వసంతం వచ్చినా ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు. యువరాజు సుధన్వుడు వేటకు వెళ్ళి, మంచులోయలో నిద్రిస్తున్న ఒక యక్షిణి మీదుగా గుర్రాన్ని దూకించాడు. ఆమె కోపంతో కన్ను తెరిచి చూడగానే అతడు నిలువునా మంచుబొమ్మగా మారిపోయాడు. భటులు ఆ బొమ్మను మోసుకొచ్చి కొలువుకూటంలో పడుకోబెట్టారు.

మంచును కరిగించడం ఎంతసేపు అనుకున్నాడు ఆస్థాన వైద్యుడు. బొమ్మ పక్కనే పెద్ద మంట వేయించాడు. వెంటనే ‘టప్’మన్న శబ్దంతో మంటవైపున్న కుడిచేయి వేలి నుంచి మణికట్టు దాకా పగిలింది. మంట ఆర్పేశారు కాని, పగులు ఆగలేదు. దినదినమూ గోరంత చొప్పున మోచేతి వైపు పాకుతూనే ఉంది. అది గుండెను చేరితే యువరాజు ఇక లేనట్టే. అక్కగారైన మయూఖవల్లి తండ్రి పాదాలకు నమస్కరించి, తమ్ముణ్ణి బ్రతికించే దారి వెతకడానికి ఒంటరిగా బయలుదేరింది.

దట్టమైన అడవులు దాటాక, ఒక కొండచరియ మీద ఎండ కాచుకుంటున్న ముని ఆమెకు కనిపించాడు. ఆయన ముందు రాగి చెంబు ఒకటి ఉంది. సంగతంతా విని ముని అడిగాడు.

“నీ తమ్ముడికి ఎంత వేడి కావాలనుకుంటున్నావమ్మా?”

“కొండంత మంటైనా తెస్తాను స్వామీ!”

ముని నవ్వాడు. “పొద్దుట నుంచి ఈ ఎండలో కూర్చున్నాను. నా వీపులోకి దిగిన వేడి, ఒక నిప్పురవ్వలో ఉండే వేడికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా నా ఒళ్ళు కాలలేదు. అదే ఆ రవ్వ నీ అరచేతిలో పడితే?”

“బొబ్బ లేస్తుంది స్వామీ.”

“ఎందుకంటావు?”

మయూఖవల్లి ఆలోచించింది. “రవ్వలోని వేడంతా ఒక్క చోటనే, ఒక్క క్షణంలో దిగుతుంది. ఎండ వేడి వీపంతా పరుచుకుని, నెమ్మదిగా దిగుతుంది.”

“అదీ సంగతి! మీ వైద్యుడు వేడి ఎంత అన్నదే చూశాడు. ఎంత చోటు మీద, ఎంత సేపట్లో అన్నది చూడలేదు. చెంబెడు చన్నీళ్ళు మరగడానికి పట్టే వేడిని మేము ఒక ‘చెంబు’ అంటాం. ఆ మంచు ఒంటిమీద జానెడు పొడవు, జానెడు వెడల్పు గల ప్రతి చదరానికీ ఘడియకు ఒక చెంబు వేడి అందాలి. తగ్గితే కరగదు, పెరిగితే పగులుతుంది. అంత నిలకడగా వేడినిచ్చేది అగ్నికూర్మం ఒక్కటే. అది ఎర్రగుహలో, జ్వాలాదంష్ట్రుడనే రాక్షసుడి దగ్గర ఉంది. వెళ్ళిరా తల్లీ.”

ఎర్రగుహ వాకిట్లో జ్వాలాదంష్ట్రుడు దుంపలు కాల్చుకు తింటున్నాడు. అతడి పక్కనే, ఆ దుంపలు కాల్చే కణకణలాడే డిప్పతో ఒక తాబేలు కునుకుతోంది.

“ఓసి మనిషి పిల్లా! నన్ను చూసి పరుగెత్తవేం? కాళ్ళు పడిపోయాయా?” అని గద్దించాడు రాక్షసుడు.

“పరుగెత్తితే మళ్ళీ ఇంత దూరమూ నడిచి రావాలి కదా దానవేంద్రా! మీ కూర్మాన్ని అడిగి తీసుకెళ్ళడానికి వచ్చాను.”

రాక్షసుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. “మాటకారివే! సరే, తీసుకుపో. కాని దీనికి మీ మునుల చెంబులూ జానలూ తెలియవు. నా కొలతల్లోనే చెప్పాలి. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు చోటికి, జాముకి ఎన్ని కట్టెల వేడి? నా కట్టె ఒక్కటి కాలితే మీ చెంబులు పది మరుగుతాయి. కూర్మం చెవిలో ఒక్క అంకె చెప్పు. ఒకసారి చెప్పాక, తిరిగి నా గుహకు వచ్చేదాకా అది మారదు, మార్చలేవు.”

మయూఖవల్లి మనసులో గబగబా లెక్క వేసింది. మూరకు రెండు జానలు కనుక రెండు చెంబులు. జాముకు ఏడున్నర ఘడియలు కనుక పదిహేను చెంబులు. పది చెంబులకొక కట్టె కనుక ఒకటిన్నర కట్టె. ఆమె కూర్మం వైపు వంగింది.

“చెప్పు చెప్పు, ఆలస్యమెందుకు? పోయినసారి వచ్చినవాడూ ఇలాగే తడుముకోకుండా చెప్పి, చల్లారిన తాబేలును మోసుకుపోయి, మళ్ళీ ఇక్కడే తెచ్చి పడేశాడు!” అంటూ రాక్షసుడు మీసం దువ్వాడు.

ఆ మాటకు ఆమె ఆగింది. తన ఉత్తరీయాన్ని మూరెడు చదరంగా మడిచి బండమీద పరిచింది. దాన్ని సగానికి మడిచింది. జానెడు వెడల్పే కాని, పొడవు ఇంకా మూరెడు ఉంది. రెండోవైపు కూడా మడిచింది. అప్పుడు జానెడు చదరమయింది. విప్పి చూస్తే మడతల గీతల మధ్య జానెడు గళ్ళు రెండు కాదు, నాలుగున్నాయి!

పొడవును రెట్టించి, వెడల్పును మరిచిపోయాననుకుని ఆమె నాలుక కరుచుకుంది. నాలుగు గళ్ళకు ఘడియకు నాలుగు చెంబులు. జాముకు ముప్ఫై చెంబులు. అంటే మూడు కట్టెలు.

“మూడు,” అని కూర్మం చెవిలో చెప్పింది.

కూర్మం మెల్లగా కళ్ళు తెరిచింది. “చాలాకాలానికి సరైన కొలత విన్నాను. నన్ను ఎత్తుకో తల్లీ. నీ చేతులు కాలవు,” అంది. రాక్షసుడు కాల్చిన దుంప ఒకటి ఆమె చేతిలో పెట్టి, “దారిలో తిను, సన్నగా ఉన్నావు,” అని గొణిగాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి పగులు భుజం దాటి, గుండెకు గోరంత దూరంలోకి వచ్చింది. కూర్మాన్ని బొమ్మ పక్కన నిలపగానే దాని డిప్పలోంచి గోరువెచ్చని కాంతి లేచి యువరాజు ఒళ్ళంతా సమంగా పరుచుకుంది. మంచు చెమర్చింది. కాని కరుగుదల నిదానంగా ఉంది, పగులేమో ఇంకా గుండెవైపు పాకుతూనే ఉంది.

రాజు తట్టుకోలేకపోయాడు. “ఇది చాలదమ్మా! భటులారా, పక్కన మంట కూడా వేయండి!”

మయూఖవల్లి చేతులు చాచి అడ్డు నిలిచింది. “వద్దు నాన్నగారూ! అదనంగా ఒక్క కట్టె వెలిగినా తమ్ముడు మనకు దక్కడు.”

“రాజాజ్ఞ! తప్పుకో!”

“తప్పుకోను. వాడు మీకు కొడుకైతే నాకు తమ్ముడు.”

రాజు చేయి అలాగే గాలిలో ఆగిపోయింది. పగులు వెంట్రుకవాసి కదిలి, దాని అంచున నీటిబొట్టు నిలిచి, ఆ నీటిలోనే పగులు పూడుకుపోయింది. నుదురు, చెంపలు, భుజాలు వరుసగా రంగు తేలాయి. సుధన్వుడు తుమ్మి లేచి కూర్చున్నాడు.

“అక్కా, నన్నెవరు తడిపారు?”

రాజు ఏడుస్తూనే నవ్వాడు. కొడుకును గుండెకు హత్తుకుని, కూతురివైపు తిరిగి, “రాజాజ్ఞను ధిక్కరించావు. శిక్ష తప్పదు,” అన్నాడు. “రేపటి నుంచి ఆజ్ఞలు నువ్వే ఇవ్వాలి.”

సుధన్వుడు అక్కకు మొదటి నమస్కారం చేశాడు. మయూఖవల్లి కుంభగిరికి రాణి అయి చిరకాలం పాలించింది. అగ్నికూర్మం మాత్రం ఎర్రగుహకు తిరిగి వెళ్ళింది. జ్వాలాదంష్ట్రుడికి దుంపలు కాల్చుకునే వేళయింది మరి!