ఒకే పొయ్యి మీద అంబలి

తెల్లవారగానే రామక్క డేగిసా మూత తీసి వాసన చూసింది. రాగిపిండి చక్కగా పులిసింది. ఈరోజు గంగమ్మ జాతర, అమ్మవారికి అంబలి పోసే రోజు.

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లోని ఆ గని కాలనీలో తెలుగువాళ్ల ఇళ్ల లైను, తమిళుల ఇళ్ల లైను ఎదురెదురుగా ఉంటాయి. నిరుడు ఇదే రోజు ఎవరి ఊరేగింపు ముందు వెళ్లాలన్న గొడవలో రెండు లైన్లవాళ్లూ కొట్టుకున్నారు. రామక్క కొడుకు మునేష్ కుడిచెయ్యి విరిగింది. అతుక్కుంది గానీ ఆ చేత్తో బరువు ఎత్తలేడు. కొట్టినవాడు ఎదురింటి అన్బు. అప్పటినుంచి రామక్క ఆ ఇంటివైపు కన్నెత్తి చూస్తే ఒట్టు.

ఈ ఏడు రెండు లైన్ల పిల్లలూ కలిసి కుళాయి దగ్గర అంబలికి ఒకే పొయ్యి పెట్టారు. వాళ్లకు నాయకురాలు మరెవరో కాదు, రామక్క కూతురు గంగే. "నా అంబలి మన లైను దాటదు" అని రామక్క వారంగా చెబుతూనే ఉంది.

అంతలో గంగ మొహం వేలాడేసుకుని వచ్చింది.

"అమ్మా, పిండి ఇప్పుడే కలిపినాము. రాత్రే కలిపి పెట్టాలని ఎవురికీ తెల్దు. నోట్లో పెడితే పోస్టర్లంటించే జిగురు మాదిరి ఉండాది."

రామక్కకు నవ్వాగలేదు. "రెండు లైన్లూ కలిపేస్తామన్నోళ్లకి పిండి కలపడం రాలేదా?"

"నీ డేగిసా ఇయ్యమ్మా. అందురూ కాసుకోని ఉండారు."

రామక్క నవ్వు మాయమైంది. "నా బిడ్డ చెయ్యి ఇరగ్గొట్టినోడికి నేను అంబలి పొయ్యాల్నా?"

"వాడు బయటే ఉండాడు," అంటూ మునేష్ లోపలికొచ్చాడు. "పొయ్యికి రాళ్లన్నీ వాడే మోసినాడు, నన్ను ముట్టుకోనీలా."

"నీకు సిగ్గు లేదప్పా?"

మునేష్ నేల చూపులు చూశాడు. "అమ్మా, ఆపొద్దు వాళ్ల నాయన తలకి తగిలిన రాయి నేనేసిందే. అది చూసినాకే అన్బు నా మీదికొచ్చినాడు. వాళ్లు పోలీసులకి నా పేరు చెప్పలా. నేను నీకూ చెప్పలా."

రామక్క పీట మీద కూలబడింది. ఏడాదిగా కుళాయి దగ్గర అన్బు తల్లి మరగతాన్ని తను అనని మాట లేదు. తలకు కట్టుతో మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని కూడా ఆవిడ తిరిగి ఒక్క మాట అనలేదు. రామక్కకు సిగ్గేసింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "నూకలు ముందే ఉడకాల. ఏసినారా?"

గంగ తల అడ్డంగా ఊపింది.

"అదీ తెల్దా? పదండి ఇంగ."

మునేష్ ఎడమచేత్తో డేగిసా ఎత్తబోయాడు గానీ అది లేవలేదు. అన్బు లోపలికి రావాలో వద్దో తెలియక, చెప్పులు విడిచి గడప అవతలే నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, చూస్తా నిలబడితే ఎట్లా? ఒకపక్క నువ్వు పట్టు," అంది రామక్క.

ఇద్దరూ చెరోపక్కా పట్టి ఎత్తారు. రామక్క గరిటె పట్టుకుని వాళ్ల వెనకే దారి దాటి, ఎదురింటి గుమ్మం ముందు ఆగింది.

"మరగతక్కా, ఉప్పెంత ఎయ్యాల్నో నువ్వొచ్చి చెప్పు."

అంబలిలో ఉప్పెంత వెయ్యాలో రామక్కకు నలభై ఏళ్లుగా తెలుసు.