యాన్యువల్‌కు రెట్టింపు

"ఏంది సారూ, పాలయ్యను ఎట్ల ఫెయిల్ చేసినారు?"

మార్కుల రిజిస్టరు బల్ల మీద దబ్బున పడింది. నతానియేలు ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురుగా లీలమ్మ. పోయిన ఏడు, 1962 జులైలో, ప్రొద్దుటూరు కాలేజీ లెక్కల శాఖలో ఇద్దరూ ఒకే రోజు ట్యూటర్లుగా చేరారు.

"పన్నెండు, ముప్పై, యాభై ఏడు. మొత్తం తొంభై తొమ్మిది. మూడుతో భాగిస్తే ముప్పై మూడు. పాసుకు ముప్పై అయిదు రావాల గదా," అన్నాడు గొణుగుతూ.

"మూడుతో ఎవురు భాగించమన్నారు? క్వార్టర్లీ ఒకసారి, హాఫ్ ఇయర్లీ ఒకసారి, యాన్యువల్ రెండుసార్లు కలపల్ల. నాలుగుతో భాగించల్ల. హెడ్డు గారు చెప్పినప్పుడు మీరు యాడ చూస్తాంటిరి?"

అప్పుడు అతను ఆమెనే చూస్తున్నాడు. ఆ మాట చెప్పే ధైర్యం లేక పెన్సిల్ అందుకున్నాడు. నూట యాభై ఆరు బై నాలుగు. ముప్పై తొమ్మిది. పాలయ్య శుభ్రంగా పాసయ్యాడు.

"క్లాసంతా మళ్లీ లెక్కేయాల్సిందే. జరగండి," అంటూ ఆమె కుర్చీ లాక్కుంది.

ఆమె మార్కులు చదువుతోంది, అతను కూడుతున్నాడు. ఏప్రిల్ ఎండకు కిటికీ చువ్వలు కాలుతున్నాయి. ఆ పని ఎంతకీ తెమలకపోతే బాగుండనిపించింది అతనికి. ఆమె ఉద్యోగం ఈరోజుతో సరి. రేపు పొద్దున సొంతూరు పులివెందులకు బస్సెక్కుతుంది. అక్కడి హైస్కూల్లో చేరుతుంది.

జమ్మలమడుగు మిషన్ హాస్టల్లో తల్లీతండ్రీ లేకుండా పెరిగాడు నతానియేలు. శనివారం మధ్యాహ్నం కాలేజీ వదిలితే, సోమవారం దాకా అతను నోరు విప్పేది హోటల్లో "ఇంకో ఇడ్లీ" అనడానికే. అది అలవాటే అనుకునేవాడు. లీలమ్మ వచ్చాక ఆ ఆదివారాలు భరించలేనివయ్యాయి.

అయినా ఏం చేశాడు గనక? మొదటిరోజు ఆమె గుడ్ మార్నింగ్ చెబితే పుస్తకంలో తల దూర్చాడు. డిసెంబరు వానలో ఆమె గొడుగు చాపి, "రండి సారూ, సగం మీకు," అంటే, "పర్వాలేదు," అని తడుస్తూ వెళ్లిపోయాడు. మూడు రోజులు జ్వరం. వేన్నీళ్లిచ్చే దిక్కు లేదు.

"అయిపాయ. ముగ్గురు బతికినారు," అని లీలమ్మ రిజిస్టరు మూసి లేచింది. "పోయొస్తా సారూ."

"లీలమ్మ గారూ!" అతనూ లేచాడు. "నాకూ మార్కులేస్తారా?"

"మీకా?"

"జులైలో మీరు గుడ్ మార్నింగ్ చెప్పినారు. నేను పలకలేదు."

"సున్నా," అందామె తడుముకోకుండా.

"డిసెంబరులో గొడుగు..."

"అదీ సున్నానే. ఆ పొద్దు నేను శానా ఏడ్సినా, తెల్సునా?"

"అయితే ఫెయిలేనా?"

ఆమె గుమ్మం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"యాన్యువల్ ఇంకా రాయలేదు గదా సారూ."

పది నెలలుగా గొంతులో ఇరుక్కున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "మీరు పోతే ఈ ఊర్లో నాకెవురూ లేరు. ఎవురున్నా మీరే కావల్ల. మీ నాయనను అడిగేదానికి పులివెందులకు రావచ్చునా?"

ఆమె వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. "సున్నా, సున్నా, నూరు, నూరు. నాలుగుతో భాగిస్తే యాభై." ఇటు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదవులు నవ్వుతున్నాయి. "పాసే. ఆదివారం చర్చి అయినాక మా ఇంటికి రండి. మా నాయన లెక్కల అయ్యవారు. ఆయన ముందర మాత్రం మూడుతో భాగించొద్దండి!"

ఆ సాయంత్రం నతానియేలు బజారుకెళ్లి గొడుగు అడిగాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"ఈ ఎండల్లో గొడుగేంది సారూ?" అన్నాడు అంగడి నబీ రసూల్.

"పెద్దది ఇయ్యప్పా," అన్నాడు నతానియేలు. "ఇద్దరికి సరిపోవల్ల."