తొమ్మిది మేకుల గోడ

అత్తగారి మీద కోడలికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. కూరలో ఉప్పు తక్కువైతే కలుపుకోవచ్చు, మాటలో కారం ఎక్కువైతే విననట్టు ఊరుకోవచ్చు. కానీ పెరటి గోడకి వరసగా తొమ్మిది మేకులుండగా ఒక్కదానికీ చీపురు తగిలించనివ్వకపోతే ఎవరితో చెప్పుకోవాలి? తను కాపురానికొచ్చి ఎనిమిదేళ్ళు. చీపురు ఇంకా తలుపు మూలే నిలబడుతోంది.

"ఆ మేకులు రిటైరయ్యాయా అత్తయ్యా, ఏ పనీ చెప్పనివ్వరు?" అంది ఆ ఉదయం, తడిబట్టల బకెట్టు దించుతూ.

"డ్యూటీలోనే ఉన్నాయి. నీకే కనపడదు," అంది అత్తగారు, మేకులకి కట్టిన దారాలు ఒక్కొక్కటే వేలితో తడిమి చూసుకుంటూ. ఒక్కో మేకుకి ఒక్కో నైలాన్ దారం, దారానికి ముడులు. ఒకదానికి నాలుగు, ఒకదానికి పదకొండు.

గోడకి అవతల నాలుగెకరాల బీడు. ఒకప్పుడు అది రంగుల ఫ్యాక్టరీ. మామగారు అందులో డ్రమ్ములు కడిగే మేస్త్రి, అత్తగారి తమ్ముడు అందులోనే మేనేజరు. విషపు మడ్డి ఉన్న డ్రమ్ములు వెనక స్థలంలో పూడ్చిపెడుతున్నారని పంతొమ్మిదేళ్ళ కిందట మామగారు బయటపెట్టాడు. ఇక్కడ ఏమీ పూడ్చలేదని, నేల శుభ్రంగా ఉందని మేనేజరు సంతకం చేసి సర్టిఫికెట్ ఇచ్చాడు. మామగారి ఉద్యోగం పోయింది. బతికినన్నాళ్ళూ వీధిలో ఆయన పేరు 'కోతల మేస్త్రి'. ఆ పేరుతోనే పోయాడు కూడా.

అత్తగారు ఏడుస్తూ కూర్చోలేదు. ఆ సర్టిఫికెట్ నకలు సంపాదించి, అద్దం కట్టించి, హాల్లో భర్త ఫొటో పక్కన వేలాడదీసింది. తమ్ముడు ఎప్పుడొచ్చినా సరిగ్గా దాని ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టేది. టీలో పంచదార వేయించేది కాదు. "నీ ఆరోగ్యం కోసంరా," అనేది ప్రేమగా. ఆ తమ్ముడికి షుగరూ లేదు, చెప్పే ధైర్యమూ లేదు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ స్థలాన్ని ఆయనే చవగ్గా కొన్నాడు, అపార్టుమెంట్లు కట్టిద్దామని. వాన పడితే నేల నీలంగా చెమర్చే చోట ఎవరు అనుమతిస్తారు? అలా పదేళ్ళు నడిచాక, విషమెక్కిన పాత ఫ్యాక్టరీ స్థలాలను ప్రజల సొమ్ముతో శుభ్రం చేయించి ఇళ్ళు కట్టించే పథకం ఒకటి వచ్చింది. నేల ఎంత పాడైతే దరఖాస్తుకి అన్ని మార్కులు. శుభ్రంగా ఉందని ప్రమాణం చేసిన చేత్తోనే ఇప్పుడాయన విషమని రాయాలి.

"మేనేజరు మావయ్యగారు ఈసారి ఫస్ట్ క్లాసులో పాసవుతారు," అంది కోడలు, పేపర్లో ఆ వార్త చదివి వినిపించిన రోజు. అత్తగారు మాత్రం నవ్వలేదు. పేపరు అడిగి తీసుకుని, ఆ ముక్క కత్తిరించి దాచుకుంది.

ఇవాళ దరఖాస్తుకి ఆఖరి రోజు. తొమ్మిదింటికల్లా మేనేజరు మావయ్య వచ్చాడు. వెంట నేల పరీక్షలు చేసే ఇంజనీరమ్మ, చేతిలో ఫైలు, బూట్లకి నీలిమట్టి.

"డ్రమ్ములెక్కడున్నాయో చూపించకపోతే దరఖాస్తు తీసుకోరుటక్కా," అన్నాడాయన, ఎదురుగా ఉన్న అద్దం చూడకుండా ఉండటానికి ఫ్యాను చూస్తూ. "నాలుగెకరాలూ తవ్వే టైము లేదు. బావ ఏదో గుర్తులు పెట్టాడుగా..."

"మీ బావ కోతలు కోస్తాడు కదరా. ఆయన గుర్తులు నీకెందుకు?"

"పాత విషయాలిప్పుడెందుకక్కా."

"నువ్వడుగుతున్నది పాత విషయమేగా."

కోడలు టీ తెచ్చింది. ఇంజనీరమ్మకి పంచదారతో, మావయ్యకి మామూలుగా. ఆయన ఒక గుక్క తాగి, మొహం కదలకుండా మింగాడు. అభ్యాసం.

ఇంతలో కోడలి ఆరేళ్ళ కూతురు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. దాని అరికాళ్ళు నీలంగా ఉన్నాయి. బంతి గోడ అవతల పడిందట. కోడలు దాన్ని బాత్రూములోకి లాక్కెళ్ళి రెండుసార్లు సబ్బు పెట్టి తోమింది. నీలం పూర్తిగా పోలేదు. బయటికొచ్చినప్పుడు ఆమె గొంతులో హాస్యం లేదు.

"అత్తయ్యా, మీ పంతం మీరు తీర్చుకోండి, నేనడ్డు రాను. కానీ ఇవాళే తీర్చుకోండి. ఆ మట్టి మన పిల్ల కాళ్ళదాకా వచ్చింది."

అత్తగారు మనవరాలి కాళ్ళకేసి చూసింది. ఆ తర్వాత లేచి పెరట్లోకి నడిచింది. అందరూ వెనకాలే వెళ్ళారు.

"రాసుకో అమ్మాయ్," అంది ఇంజనీరమ్మతో, మొదటి మేకు పట్టుకుని. "ఈ మేకుకి ఎదురుగా గోడ దాటి నడవాలి. ఎన్ని ముడులుంటే అన్ని బారలు. అక్కడ తవ్వితే డ్రమ్ములు. ఉద్యోగం పోయిన వారంలో ఆయన జ్ఞాపకం పెట్టుకుని కొట్టిన మేకులివి. అప్పుడే వీణ్ణి పిలిచి, అదుగో ఆ ఏడు ముడుల దారం చూపించాను. వీడేమన్నాడో అడుగు."

మేనేజరు మావయ్య వాచీ చూసుకున్నాడు.

"నేనే చెప్తాను. 'బట్టలారేసుకో అక్కా, పనికొస్తాయి' అన్నాడు. ఇదిగో, కోడలు పిల్ల చీపురు తగిలిస్తానన్నా ఈనాటికీ ఒప్పుకోలేదు నేను."

కోడలు చేతిలోని తువ్వాలు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

ఇంజనీరమ్మ తొమ్మిది మేకులకీ ఫొటోలు తీసి, ముడులు లెక్కపెట్టి, ఫైలు తెరిచింది. "ఒక గడి నింపాలండీ. ఈ సమాచారం ఎవరిచ్చారు, ఎప్పుడు, ఎవరికి? ఇంకో సంగతి. యజమానికి ముందే తెలిసి దాచారని తేలితే ఈ సొమ్ము ఆయనకివ్వరు. స్థలం మునిసిపాలిటీకి రాసిచ్చేస్తే వాళ్ళు శుభ్రం చేయించి, ఇళ్ళు కట్టి ఈ వీధివాళ్ళకిస్తారు. అసలు దరఖాస్తే పడకపోతే శుభ్రం చేయించే భారం యజమానిదే."

మావయ్య పెన్ను తీసుకుని గోడకానించి రాసి అక్క చేతికిచ్చాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకోలేదు. "చదువమ్మా," అని కోడలికిచ్చింది.

"'సమాచార లోపం వల్ల అప్పట్లో పొరపాటు జరిగినది.'" కోడలు తలెత్తింది. "ఎవరి పేరూ రాయలేదు అత్తయ్యా. పొరపాటు దానంతటదే నడిచొచ్చినట్టుంది."

"పొరపాటంటే పాలు పొంగిపోవడం," అంది అత్తగారు. "గేటు వేయడం మర్చిపోవడం. నిజం చెప్పినవాణ్ణి పట్టుకుని నలుగురిలో అబద్ధాలకోరని అనడాన్ని పొరపాటనరు. ఆ మాట కొట్టెయ్. మీ బావ పేరు రాయి. నీ పేరూ రాయి. ఏడు ముడుల దారం చూపించి నీకు చెప్పానని కూడా రాయి."

"రాస్తే స్థలం పోతుందక్కా."

"ఆయనకి పోయినవన్నీ చెప్పమంటావా?"

ఆయన ఆ ఏడు ముడుల దారం పట్టుకున్నాడు. ఎండకి పెళుసెక్కిన దారం చేతిలోనే తెగింది. మేకుకి సగం, వేళ్ళలో సగం. కంగారుగా ముడి వేయబోయాడు, కుదరలేదు. అక్క అందుకుని, ఒక్క ముడి వేసి సరిచేసింది.

"ఇప్పుడు ఎనిమిదయ్యాయి," అందామె ఇంజనీరమ్మతో. "ఇది లెక్కలోకి రాదు. ఇది వీడిది."

ఆయన రాసినదంతా కొట్టేశాడు. రెండు పేర్లు రాశాడు, సంతకం పెట్టాడు. గోడకి మొహం తిప్పి ఏదో గొణిగాడు.

"నాకు వినపడలేదు," అంది అత్తగారు.

"తప్పు నాది అక్కా."

"వీధికి వినపడలేదు. అప్పుడు వీధంతా వినేలా అన్నావు."

పక్కింటి కిటికీలో ఎవరో నిలబడ్డారు. ఎదురింటి మేడమీద బట్టలారేస్తున్నావిడ ఆగింది. మేనేజరు మావయ్య జేబురుమాలుతో మొహం తుడుచుకుని, గోడని వదిలి వీధివైపు తిరిగాడు.

అత్తగారు కోడలి చెవి దగ్గరికి వంగింది. "వెళ్ళి ఇంకో టీ పెట్టు. పంచదార వెయ్యి." క్షణమాగి, "ఒక్క చెంచా చాలు," అంది.

కోడలు వంటింట్లో డబ్బా మూత తీస్తుండగా, కిటికీలోంచి, ఇన్నేళ్ళలో ఎప్పుడూ విననంత గట్టిగా, ఆ గొంతు వినపడింది.

"మా బావ అబద్ధం చెప్పలేదు. నేను చెప్పాను. తెలిసే చెప్పాను."