తలుపు తీశాడని చెప్పింది

"ఆ సినిమాలో ముసలాయన తలుపు తియ్యనే తియ్యలేదట కదమ్మా! మీవారేమో తీశాడని, ఆ ఒక్క సీను కోసమైనా అందరూ చూసి తీరాలని పేజీ నిండా రాశారు! పొద్దుటినుంచి పాఠకుల ఫోన్లకి జవాబు చెప్పలేక చస్తున్నాను. అసలాయన సినిమా చూశారా, లేదా? నాలుగింటికల్లా నాకు మాట చెప్పాలి. లేకపోతే ఈ వారంతో శీర్షిక ఆపేస్తాను!"

వారపత్రిక సంపాదకుడు ఫోను పెట్టేశాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించింది. దాని మీద పెట్టడానికి ఏమీ లేదని గుర్తొచ్చి ఆర్పేసింది. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. గడియారం చూస్తే మూడు కావడానికి పది నిమిషాలుంది.

"ఎవరే ఫోన్లో?" లోపలి గదిలోంచి భర్త అడిగాడు.

"రాంగ్ నంబరండీ!"

"రాంగ్ నంబరుతో అంతసేపు మాట్లాడావా? పాపం, బాగా కావలసినవాళ్ళయి ఉంటారు."

ఇంకో రోజయితే నవ్వేది. ఇవాళ ఏడుపొచ్చింది.

ఇరవయ్యారేళ్ళుగా ఆయన రాస్తున్న శీర్షిక అది. ఏ సినిమా చూడాలో, ఏ సీరియల్ చూడాలో, ఎందుకు చూడాలో వారం వారం చెబుతాడు. ఆయన బాగుందంటే ఇళ్ళకు ఇళ్ళు కదిలి హాలుకు వెళ్ళేవి. కానీ రెండేళ్ళ క్రితం ఒక ఉదయం, "ఇదిగో... నీ మొహం నాకు కనిపించడం లేదే!" అన్నాడు. చూపు నడిమధ్యలో పోయింది. అంచుల్లో కాస్త వెలుగూ నీడా మిగిలాయి. ఆ సంగతి కళ్ళ డాక్టరుకూ ఆమెకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదని ఒట్టు వేయించుకున్నాడు. ఆ శీర్షిక పోతే తను బతికుండీ దండగే అన్నాడు!

అప్పటినుంచి ఆమె కళ్ళే ఆయన కళ్ళు. చివరి వరుసలో మూల సీట్లు. తెర మీద జరిగేదంతా ఆయన చెవిలో గుసగుసగా చెప్పేది. వెనకబడితే ఆయన మోచేత్తో పొడిచేవాడు. ఇంటికొచ్చాక ఆయన చెబుతుంటే ఆమె టైపు చేసేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆమెకు 'టిక్కెట్టు అక్కయ్య' అని పేరు పెట్టి, ఈ వయసులో మొగుడితో ఏం షికార్లమ్మా అని ఏడిపించేవాళ్ళు. షికారట, షికారు! సినిమా అయ్యేసరికి గొంతు ఎండిపోయి, మెడ పట్టేసి, కళ్ళు మండేవి. ఏనాడూ ఎవరితోనూ అనలేదు.

మొన్నటి సినిమాలో ఒక ముసలి తండ్రి కూతురితో మాట మానేస్తాడు. చివర్లో ఆ పిల్ల వచ్చి తలుపు కొడుతుంది. కొడుతూనే ఉంటుంది... తెర చీకటయిపోయింది. అప్పుడు భర్త ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "తీశాడా?" అన్నాడు. ఆ గొంతులో వణుకు ఆమె అంతకుముందెన్నడూ వినలేదు! తమ కూతురు ఈ ఇంటికి రాక మూడేళ్ళు. ఆ పిల్ల మొదటిసారి సొంతంగా రాసిన సీరియల్ని ఈయన తన శీర్షికలో 'కదలని కథ, చూడకపోయినా నష్టం లేదు' అని రాసిపారేశాడు. పదమూడు వారాలకే దాన్ని ఆపేశారు. ఆనాడు వెళ్ళిన పిల్ల మళ్ళీ రాలేదు.

"తీశాడండీ!" అనేసింది ఆమె. ఒక్క మాటే కదా అనుకుంది... ఆ ఒక్క మాట మీద ఆయన పేజీ నిండా చెప్పాడు. టైపు చేసిందీ తనే, పంపిందీ తనే. ఇప్పుడు ఆయన పరువు తన చేతులతోనే తీసినట్టయింది!

వీధి తలుపు తాళం తిరిగిన చప్పుడైంది. కూతురు! తన దగ్గరున్న తాళంచెవితో తీసుకుని, చెప్పులు కూడా విప్పకుండా నేరుగా వచ్చేసింది.

"నాన్నకి కళ్ళు కనబడటం లేదు కదమ్మా?"

ఆమె లోపలి గది వైపు చూసింది.

"నిన్న ఆ సినిమాకి వెళ్ళాను. నాన్న రాశారనే వెళ్ళాను. చివర్లో తలుపు తియ్యలేదు! అందరూ లేచెళ్ళిపోయారు. నేను మాత్రం ఇంకా తీస్తాడేమోనని పిచ్చిదాన్లా కూర్చున్నాను. నాన్న చెడ్డగా రాస్తారు గానీ తప్పుగా రాయరమ్మా! ముగింపులు మార్చే అలవాటు ఈ ఇంట్లో నీకే ఉంది. చిన్నప్పుడు సినిమా కథలు చెబుతూ చచ్చిపోయినవాళ్ళందర్నీ బతికించేదానివి. నాన్నకి చూపుంటే నువ్వు చెప్పాల్సిన అవసరమేంటి? ఎన్నాళ్ళయింది? నాకొక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"నెమ్మదిగా మాట్లాడవే... నాన్న వింటారు!"

"విన్నాను," అన్నాడాయన. గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "తియ్యలేదా వాడు?"

ఆయన ముఖం ఎర్రబడింది.

"నీ కళ్ళు నావే అనుకున్నాను కదే! ఇంకెన్ని మార్చావు? రెండేళ్ళుగా నేను రాసిందంతా అబద్ధమేనా?"

"ఇదొక్కటేనండీ! మిగతావన్నీ ఉన్నవున్నట్టే చెప్పాను... ఆ తలుపు దగ్గర నాకు నోరు రాలేదు. బయట నిలబడింది ఎవరో నటి అనిపించలేదండీ. మన పిల్లే అనిపించింది! తియ్యలేదని మీకెలా చెప్పను? చెప్పి, ఆ చీకట్లో మీ పక్కన ఎలా కూర్చోను?"

ఆమె భోరుమంది. సంపాదకుడి ఫోను సంగతి కూడా ఆ ఏడుపులోనే చెప్పేసింది. ఆయన తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపు వేళ్ళు విరుచుకున్నాడు.

"అమ్మా," అన్నాడు చివరికి, కూతురు ఉన్న వైపు కాస్త పక్కకి చూస్తూ. "నీ సీరియల్ గురించి రాసేనాటికే నా కళ్ళు మసకబారాయి. మీ అమ్మక్కూడా చెప్పలేదు. మాటలున్న చోట వినేవాణ్ణి. మాటల్లేని చోట నాకేమీ లేదు. నీదాంట్లో మాటలు తక్కువ. నాకు కనబడనిదాన్ని లేదని రాసేశాను. తప్పు చేశానమ్మా..."

"నాన్నా!" కూతురు ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడింది.

నాలుగు కాకముందే ఫోను మోగింది. ఆమె ఉలిక్కిపడి పరుగెత్తబోతే ఆయన చెయ్యి చాచాడు. "ఇటివ్వు."

"అయ్యా, నాకు కళ్ళు కనబడవు. రెండేళ్ళయింది," అన్నాడు ఫోనులో, చాలా మామూలుగా. "చూసింది నా భార్య. నేను చెప్పించి రాయించాను, పేరు మాత్రం నాది వేసుకున్నాను. తప్పు ఒప్పుకుంటూ ఈ వారం రాస్తాం. ఇష్టమైతే వేసుకోండి."

"ఎప్పటికి పంపుతారు?" అన్నాడు సంపాదకుడు.

కూతురు కంప్యూటరు ముందు కూర్చుంది. తప్పు ఒప్పుకునే నాలుగు వాక్యాలూ ఆయనే చెప్పాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "ఇప్పుడు నువ్వు చెప్పు. జనం ఏం చూడాలి? ఇన్నేళ్ళలో నిన్నొక్కసారీ అడగలేదు నేను."

"నన్నా? ఊరుకోండి! నాకేం తెలుసు?" గ్లాసులు సర్దింది. కర్టెన్ లాగింది. మళ్ళీ తీసింది. తర్వాత గభాలున అంది: "దీని సీరియలే! మధ్యాహ్నం మీరు కునుకు తీస్తున్నప్పుడు రోజూ చూసేదాన్ని. ఇప్పుడూ ఫోన్లో దొరుకుతుంది. అందులో ఒక పెద్దావిడ పనినుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా, అయిదు నిమిషాలు ఊరికే కుర్చీలో కూర్చుంటుంది. ఎవరు పిలిచినా పలకదు. కథేమీ నడవదు. మీరన్నట్టు కదలదు. కానీ... పెళ్ళయ్యాక నేనలా ఎప్పుడూ కూర్చోలేదండీ! అది చూశాక ఒకరోజు కూర్చున్నాను. ఏమీ మునిగిపోలేదు!"

"నేనెక్కడున్నానప్పుడు?"

"పక్కగదిలోనే. టీ అని కేకలేస్తున్నారు!"

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. కళ్ళనిండా నీళ్ళు. "రాయమ్మా," అన్నాడు కూతురితో. "ఒక్క ముక్క వదలకుండా రాయి. కింద మీ అమ్మ పేరు పెట్టు."

కూతురి వేళ్ళు తడబడుతూ పరుగెత్తాయి. "ఊఁ... తర్వాత? చెప్పమ్మా!"

ఆమె దగ్గర్లో ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఉండండి," అంది. "ఒక్క అయిదు నిమిషాలు."